కోరిక తీరిపోయాక హీరో ఏం చేస్తాడు? యాక్షన్ యానిమేలో ప్రేరణల లెక్క

డ్రాగన్ బాల్ అనే యానిమేలో (జపాన్ యానిమేషన్ సిరీస్‌లో) అంతరిక్షం నుంచి వచ్చిన సయాన్ల దండయాత్ర ముగిసే చోట ఒక సన్నివేశం ఉంది. యాంచా, టెన్‌షిన్‌హాన్, చావొట్జు, పికొలో నలుగురూ చచ్చిపోయారు. హీరో గోకు ఒళ్లంతా నుజ్జునుజ్జయి కదల్లేని స్థితిలో పడి ఉన్నాడు. ఇంత నాశనానికి కారకుడైన వెజీటా నేల మీద పాక్కుంటూ తన అంతరిక్ష నౌకలోకి దూరబోతున్నాడు. క్రిలిన్ కత్తి పట్టుకుని వాడి దగ్గర నిలబడ్డాడు. ఒక్క పోటు పొడిస్తే సరిపోతుంది. సరిగ్గా అప్పుడు గోకు వద్దంటాడు, వాణ్ణి వదిలెయ్యమంటాడు. జాలిపడి కాదు. ఇంత బలమైనవాడు చచ్చిపోతే మళ్లీ వాడితో తలపడే అవకాశం పోతుందని. ఇది తప్పని, తన స్వార్థమేనని అతనే ఒప్పుకుంటాడు కూడా.

ముందు ముందు వెజీటా మంచివాళ్లలో ఒకడైపోతాడు కాబట్టి అభిమానులు ఈ నిర్ణయాన్ని తేలిగ్గా మరిచిపోతారు. కానీ ఆ క్షణానికి గోకు దగ్గర అలాంటి భరోసా ఏదీ లేదు. తర్వాత కూడా అదే వరస. ఆండ్రాయిడ్లు (మనిషి రూపంలోని యంత్రాలు) వచ్చి ప్రపంచాన్ని సర్వనాశనం చేస్తాయని మూడేళ్ల ముందే తెలుస్తుంది. వాటిని తయారుచేసే శాస్త్రవేత్త ఎక్కడున్నాడో కోరికలు తీర్చే డ్రాగన్‌ను అడిగి, ఇప్పుడే పని ముగించేద్దామని బుల్మా సలహా ఇస్తుంది. అక్కడున్న వాళ్లందరిలో బుర్ర పెట్టి మాట్లాడింది ఆమె ఒక్కతే. గోకుకు మాత్రం ఆ ఫైట్ పోగొట్టుకోవడం ఇష్టం లేదు.

ఈ గుణం ఖరీదెంతో సెల్ అనే శత్రువుతో పోరులో తేలుతుంది. గోకు మధ్యలోనే ఓటమి ఒప్పుకుని కొడుకు గోహాన్‌ను బరిలోకి పంపుతాడు. పైగా పోటీ సమంగా ఉండాలని సెల్‌కు సెంజు గింజ విసిరి, శత్రువు బలాన్ని తనే తిరిగి నింపుతాడు. పిల్లవాడు దెబ్బలు తింటుంటే, వాడికి కోపం వచ్చి దాగున్న శక్తి బయటపడుతుందని తండ్రి చూస్తూ నిలబడతాడు. చివరికి, ఈలోగా మళ్లీ బతికొచ్చిన పికొలో ఉండబట్టలేక అరుస్తాడు: గోహాన్‌కు నీలా పోరాటమంటే పిచ్చి లేదు, నేను చచ్చిపోతుంటే నాన్న ఎందుకు రావట్లేదని వాడు ఆలోచిస్తున్నాడు అని. గోకు ముఖంలో రంగు మారేది అప్పుడే. కొడుకు చిన్నప్పుడు ఆ పిల్లవాణ్ణి ఏడాదిపాటు దగ్గర పెట్టుకుని పెంచింది పికొలో అన్నది గుర్తుంటే ఆ మాటల పదును ఇంకా బాగా అర్థమవుతుంది. టీవీ సిరీస్ గోకును నీతిమంతుడైన వీరుడిలా చూపించడం రచయిత అకిరా తొరియామాకు అంతగా నచ్చలేదు. మూలమైన మాంగా (జపాన్ కామిక్స్) చదివితే ఆయన అభ్యంతరంలో న్యాయం కనిపిస్తుంది. గోకు లోకాన్ని కాపాడతాడు, నిజమే. కానీ అది అతని ఆకలి తీరే క్రమంలో జరిగిపోయే పని.

యానిమే హీరోలను పోల్చినప్పుడల్లా ఒక జాబితా బయటికొస్తుంది: ఫలానావాడు సముద్రపు దొంగల రాజు కావాలనుకున్నాడు, ఫలానావాడు ఊరి పెద్ద కావాలనుకున్నాడు, ఇంకొకడు చెల్లెల్ని మళ్లీ మనిషిని చేయాలనుకున్నాడు. ఇవన్నీ గమ్యాలు. పొద్దున్నే లేచి మళ్లీ తన్నులు తినడానికి వాణ్ణి సిద్ధం చేసేదేమిటన్నది వేరే ప్రశ్న. ఆ రెండింటి మధ్య తేడా పట్టుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. హీరో అడిగింది అడిగినట్టు రేపు ఉదయం చేతికొస్తే కథ ఆగిపోతుందా, సాగుతుందా? సాగితే దేని మీద సాగుతుంది? ఈ ప్రశ్న వేసి చూస్తే, పైకి ఒకేలా కనిపించే హీరోలు ఎక్కడెక్కడికో విడిపోతారు. (కథల చివర్లు చెప్పకుండా ఈ చర్చ సాగదు. చూడాల్సినవి మిగిలి ఉన్నవాళ్లు ముందే జాగ్రత్త పడాలి.)

ఈ కథలు పుట్టే చోటు గురించి కాస్త తెలిస్తే, ప్రేరణ అనేది వాటికి ఎందుకంత కీలకమో తెలుస్తుంది. పెద్ద యాక్షన్ యానిమేల్లో చాలావాటికి మూలం వారపత్రికల్లో వచ్చే మాంగా. 1968లో మొదలైన షోనెన్ జంప్ వాటిలో పెద్దన్న. 1990ల మధ్యలో దాని అమ్మకాలు వారానికి 65 లక్షల కాపీలు దాటాయి. స్నేహం, శ్రమ, విజయం అన్న మూడు మాటలు దాని నినాదం. ఆ పత్రికతో పాటు వచ్చే కార్డు మీద పాఠకులు తమకు నచ్చిన కథలు రాసి పంపేవారు. వరసగా అడుగున పడిన కథను రెండు మూడు నెలల్లోనే ఎత్తేసేవారు. అలాంటి చోట హీరోకు ఏం కావాలో మొదటి ఇరవై ముప్పై పేజీల్లోనే, పదేళ్ల పిల్లవాడికి కూడా అర్థమయ్యేలా చెప్పెయ్యాలి. హీరో గట్టిగా అరిచి మరీ తన కల ప్రకటించడం మన కళ్లకు అతిగా అనిపిస్తుంది గానీ, అది రచయిత బతుకు తెరువు కోసం కనిపెట్టిన పద్ధతి. మరోపక్క కథ హిట్టయితే ఏళ్ల తరబడి సాగాలి. అంటే కోరిక ఒక్క ముక్కలో చెప్పేంత చిన్నదిగా ఉండాలి, పదిహేనేళ్లు లాగేంత పెద్దదిగానూ ఉండాలి. గోకు ఆకలికి తీరడమంటూ లేదు కాబట్టి తొరియామా దాని మీద 519 అధ్యాయాలు నడపగలిగాడు. అందరికీ అలాంటి కోరిక దొరకదు.

నరుటోది తీరే కోరిక. మసాషి కిషిమోతో 1999లో మొదలుపెట్టిన ఈ నింజాల కథలో పిల్లవాడు హొకాగే (ఊరి పెద్ద) అవుతానని ఊరంతా వినబడేలా చెప్పుకుంటూ తిరుగుతాడు. అతనికి నిజంగా కావాల్సింది పదవి కాదని మొదటి అధ్యాయంలోనే తేలిపోతుంది. తోటి పిల్లలు పరీక్ష పాసై అమ్మానాన్నలతో మురిసిపోతుంటే, వాడొక్కడే ఉయ్యాల మీద కూర్చుని చూస్తుంటాడు. పక్కనున్న ఆడవాళ్లు వాడి గురించి గుసగుసలాడుకుంటారు. అదే అధ్యాయంలో ఇరుకా మాస్టారు వాడికి అడ్డం పడి వీపున ఆయుధం దిగేసుకుని, నీ ఒంటరితనం నాకు తెలుసు అంటాడు. ఒక మనిషి తనను మనిషిగా గుర్తించాడు, అంతే. మిగతా 699 అధ్యాయాలు ఆ ఒక్క మనిషిని ఊరంతగా పెంచే ప్రయత్నమే.

ఇక్కడ కిషిమోతో చేసిన తెలివైన పని గారా. నరుటోలాగే వాడి ఒంట్లోనూ ఒక భూతాన్ని బంధించారు, ఊరు వాణ్ణీ వెలేసింది. వాడికి ఇరుకా దొరకలేదు. పైగా ఆదరించిన ఒకే ఒక్క మేనమామ కూడా చంపడానికి వచ్చాడు. దాంతో ఇతరులను చంపితేనే తాను ఉన్నట్టు అన్న లెక్కకు వచ్చేశాడు. ఒకే గాయం నుంచి రెండు దారులు ఎలా చీలతాయో చూపించడానికి ఇంతకన్నా సూటి ఏర్పాటు ఉండదు. గారాతో తలపడేటప్పుడు నరుటో భయపడేది వాడి బలానికి కాదు, తానూ అలాగే అయ్యేవాణ్ణి కదా అన్న ఎరుకకు.

కానీ ఇంత బాగా వేసిన పునాదిని కథ చివరి భాగం తనే తవ్వేసుకుంది. ఊరు పట్టించుకోని అనాథ కాస్తా నాలుగో హొకాగే కొడుకని తేలింది. అది సర్దుకోవచ్చు. ఆ తర్వాత అతను ఒక పురాణ పురుషుడి పునర్జన్మ అనీ, స్నేహితుడు సాసుకేతో వైరం తరతరాలుగా రాసిపెట్టి ఉందనీ చెప్పారు. రాసిపెట్టి ఉంటే ఇక ఉయ్యాల మీద కూర్చున్న పిల్లవాడి పంతానికి విలువేముంది? విధి రాతను పట్టుకుని వేలాడే నేజీని మధ్యలో చితక్కొట్టి, శ్రమతో ఏదైనా మార్చొచ్చని నిరూపించింది ఈ నరుటోనే మరి. ఎంత అభిమానమున్నా ఇది కప్పిపుచ్చలేని లోపం.

ఇదే కథలో సాసుకేది పగ. అన్న ఇటాచీ వంశాన్నంతా చంపేశాడు, అన్నను చంపాలి. ఇటాచీ చచ్చిపోయాక నిజం తెలుస్తుంది: ఊరి పెద్దల ఆదేశంతోనే ఆ పని చేసి, తమ్ముణ్ణి మాత్రం బతికించుకున్నాడని. పగ తీరింది, తీరకూడని చోట తీరింది. అప్పుడు సాసుకే ఆగడు. అదే పగను ఊరి మీదకు మళ్లిస్తాడు. శత్రువు మారినా మనిషి మారలేదు. ఎవరి మీదన్నది అతనికి అసలు విషయమే కాదన్న అనుమానం అక్కడ మొదలవుతుంది.

పగ కథల్లో ఈ అనుమానాన్ని చివరిదాకా తీసుకెళ్లింది మాకోతో యుకిమురా విన్‌లాండ్ సాగా. పదకొండో శతాబ్దపు వైకింగుల కాలం. చిన్న పిల్లవాడు థార్ఫిన్ కళ్లముందే తండ్రి థార్స్‌ను ఆస్కెలాడ్ అనే కిరాయి దండు నాయకుడు చంపుతాడు. పిల్లవాడు పారిపోడు. ఆ దండులోనే చేరతాడు. ఆస్కెలాడ్ చెప్పిన పనల్లా చేస్తాడు: గూఢచారిగా వెళతాడు, ఎదుటి దండు నాయకుడి తల తెస్తాడు. ప్రతిఫలంగా అడిగేది ఒకటే, ఆస్కెలాడ్‌తో ద్వంద్వయుద్ధం. ప్రతిసారీ ఓడిపోతాడు. మళ్లీ పనికి వెళతాడు. తండ్రిని చంపినవాడి దగ్గర తనకు తెలియకుండానే కూలికి కుదిరిన కొడుకు వాడు. ఆ ఏళ్లలో అతను చంపిన వాళ్లందరికీ కూడా ఇళ్లూ పిల్లలూ ఉంటారన్న ఊహే అతనికి రాదు. కళ్లెదుట ఒక్క మెడ తప్ప ఏమీ కనిపించదు.

ఆ మెడ మీద కత్తి పెట్టే అవకాశాన్ని కథ అతనికి ఇవ్వదు. ఆస్కెలాడ్ తన సొంత ఎత్తుగడలో భాగంగా రాజును చంపి, యువరాజు కనూట్ చేతిలో ప్రాణం వదులుతాడు. థార్ఫిన్ పరుగెత్తుకొచ్చి పట్టుకుని, ఇలా చావడానికి వీల్లేదని గోల పెడతాడు. చావబోతున్నవాడు తిరిగి అడుగుతాడు: నేను పోయాక నువ్వేం చేస్తావో ఎప్పుడైనా ఆలోచించావా అని. థార్ఫిన్ దగ్గర సమాధానం లేదు. చేతిలో కత్తి జారిపోతుంది. 2019లో వచ్చిన మొదటి సీజన్ ఇక్కడ ముగుస్తుంది, ఆ 24వ ఎపిసోడ్ పేరు ‘ముందుమాట ముగింపు’. దాదాపు పది గంటల పాటు చూసిన పగ కథ మొత్తం ముందుమాటేనట. ఇంత ధైర్యం చేసిన యాక్షన్ సిరీస్ మరొకటి వెంటనే గుర్తుకు రాదు.

రెండో సీజన్‌లో యాక్షన్ దాదాపు లేదు. థార్ఫిన్ డెన్మార్క్‌లో ఒక భూస్వామి పొలంలో బానిస. ఐనార్ అనే తోటి బానిసతో కలిసి చెట్లు కొట్టి, మొద్దులు పెకిలించి, గోధుమ వేస్తాడు. రాత్రిళ్లు పీడకలలు వస్తాయి, తన చేతిలో చచ్చినవాళ్లందరూ కాళ్లు పట్టుకుని కిందకు లాగుతుంటారు. చాలామంది ప్రేక్షకులు ఇక్కడ విసుగుపడి ఆపేశారు. వాళ్లను తప్పుపట్టలేం, వాళ్లు కత్తియుద్ధం కోసం వచ్చారు. కానీ కోరిక పోయిన మనిషికి కొత్త కోరిక ఒక్క రోజులో పుట్టదన్నది చూపించడానికి ఇన్ని ఎపిసోడ్లు కావాలి. సీజన్ చివర్లో కనూట్‌ను కలవడానికి అనుమతి కోసం అతను వంద దెబ్బలు తింటానని ఒప్పుకుంటాడు. సైనికుడు గుద్దుతూనే ఉంటాడు, ఇతను లేస్తూనే ఉంటాడు. ఎందుకు తిరిగి కొట్టవని అడిగితే, నాకు శత్రువులు లేరంటాడు. చిన్నప్పుడు కత్తి పట్టుకుని నిలబడిన కొడుకుతో థార్స్ అన్న మాటే అది: నీకు శత్రువులంటూ ఎవరూ లేరని. తండ్రి చావుకు పగ తీర్చుకోవడంలో తండ్రి చెప్పిన మాటే పోగొట్టుకున్నానని అతనికి తెలిసేటప్పటికి సగం యవ్వనం అయిపోయింది.

హజిమె ఇసయామా సృష్టించిన అటాక్ ఆన్ టైటన్ దీనికి పూర్తిగా అటువైపు నడుస్తుంది. తల్లిని టైటన్ (మనుషుల్ని తినే రాక్షసాకారం) తినేస్తుంటే చూసిన ఎరెన్, ఒక్కదాన్ని కూడా మిగల్చకుండా చంపేస్తానని పడవ మీద ఒట్టు పెట్టుకుంటాడు. అందరూ దీన్ని పగ అనే అనుకుంటారు. మూడో సీజన్ చివర్లో వాళ్లు గోడలు దాటి జీవితంలో మొదటిసారి సముద్రం చూస్తారు. మిగతావాళ్లు నీళ్లలో ఆడుకుంటుంటే, ఎరెన్ అవతలి ఒడ్డు వైపు వేలు చూపించి, అక్కడున్న శత్రువులందర్నీ చంపేస్తే మనకు స్వేచ్ఛ వస్తుందా అని అడుగుతాడు. చిన్నప్పటి నుంచి కలగన్న సముద్రం కాళ్లు తడుపుతున్నా, వాడి కోరిక తీరలేదు.

ఎందుకు తీరలేదో చాలా తర్వాత తెలుస్తుంది. టైటన్ల గుంపుతో ప్రపంచాన్ని తొక్కించేయడానికి ముందు ఎరెన్ పరాయి దేశంలో రంజీ అనే శరణార్థి పిల్లవాడి ముందు కూలబడి ఏడుస్తాడు. తాను చేయబోయేదానికి క్షమాపణ చెబుతాడు. నా వాళ్లను కాపాడుకోవడానికి అని చెప్పుకుని ఊరుకుని ఉంటే అది మామూలు విలన్ సమర్థన అయ్యేది. కానీ అతను ఇంకో మాట ఒప్పుకుంటాడు: గోడల బయట మనుషులున్నారని తెలిసినప్పుడు తనకు నిరాశ కలిగిందని. స్నేహితుడు ఆర్మిన్ పుస్తకంలో చూసిన నిప్పుల నీళ్లు, మంచు నేలలు, ఇసుక మైదానాలు ఎవరూ లేకుండా ఖాళీగా తనకోసం ఉంటాయనుకున్నాడు. ఉన్న లోకం ఆ బొమ్మతో సరిపోలలేదు. అందుకే చెరిపేయాలనుకున్నాడు. లోకంలో పదింట ఎనిమిది వంతుల మంది పోయారు. తల్లి చావు లేకపోయినా ఎరెన్ ఎరెనే అయ్యేవాడా అన్న ప్రశ్నకు ఈ కథ దాదాపు ఔననే చెబుతోంది. ముగింపు మీద ఇప్పటికీ గొడవలున్నాయి. వాటిలో చాలావరకు ఎరెన్ ఎందుకు చేశాడన్న దానికి చివర్లో ఒకటికి నాలుగు కారణాలు ఇచ్చినందువల్ల వచ్చినవే. రంజీ సన్నివేశంలోని కారణం ఒక్కటే ఉంచి ఉంటే కథ ఇంకా భయంకరంగా, ఇంకా నిజాయితీగా ఉండేది.

ఇంకొక రకం హీరోలున్నారు. వాళ్ల ప్రేరణ వాళ్లది కాదు, ఎవరో చేతిలో పెట్టి పోయినది. దీన్ని పోల్చి చూడటానికి రెండు సిరీస్‌లు చక్కగా కుదురుతాయి. డీమన్ స్లేయర్‌లో దెయ్యాలను వేటాడే రెంగోకును చిన్నప్పుడు తల్లి మంచం మీంచి పిలిచి ఒక ప్రశ్న అడుగుతుంది, నువ్వు ఇతరులకన్నా బలంగా ఎందుకు పుట్టావో తెలుసా అని. బలహీనులను కాపాడటానికి, అది నీ బాధ్యత అని తనే చెబుతుంది. జుజుత్సు కైసెన్‌లో యూజీ ఇతాదోరి తాత ఆస్పత్రి మంచం మీద దాదాపు అదే అంటాడు: నువ్వు బలవంతుడివి, జనానికి సాయం చెయ్, నాలా ఒంటరిగా కాక నలుగురి మధ్య చావు. రెండిట్లోనూ పోబోతున్న పెద్దమనిషి, మంచం, బలం, బాధ్యత అన్నీ ఒకటే. ఫలితం మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

రెంగోకుకు ఆ మాట వెన్నెముక అయింది. దెయ్యంగా మారితే చావుండదని అకాజా అనే దెయ్యం ఆశ చూపిస్తే క్షణం కూడా ఆలోచించడు. చనిపోయే ముందు తల్లి ఎదురుగా కనిపించి, బాగా చేశావంటుంది. అతను చిన్నపిల్లాడిలా నవ్వుతాడు. ఈ సన్నివేశాలున్న ముగెన్ ట్రైన్ సినిమా 2020లో వచ్చి జపాన్‌లో 4,000 కోట్ల యెన్‌లకు పైగా వసూలు చేసి రికార్డు సృష్టించింది. జనం ఏడ్చి బయటికొచ్చింది ఆ నవ్వు చూసే. యూజీ దగ్గర అదే మాట మెడకు చుట్టుకుంది. టోక్యోలోని షిబుయాలో అతని ఒంట్లో చేరిన సుకునా అనే దుష్టశక్తి అతని చేతులతోనే జనాన్ని వేలల్లో చంపుతుంది. సాయం చెయ్యమన్న తాత మాట ఇప్పుడు అతన్ని నిలువునా కోస్తుంది. తర్వాత యూజీకి పెద్దదిక్కులాంటి నానామి ప్రాణం పోయే క్షణంలో యూజీ ఎదురుగా కనిపిస్తాడు. ఏదో ఒకటి అప్పగించాలని ఉంది, కానీ ఇప్పుడు ఏం చెప్పినా అది ఆ పిల్లవాడికి శాపం అవుతుందని నానామి తటపటాయిస్తాడు. అయినా చెప్పేస్తాడు, ఇక నువ్వే చూసుకో అని. చివరి కోరికలు బతికున్నవాళ్లను ఎలా పట్టి పీడిస్తాయో ఆ రచయిత గెగె అకుతామికి తెలుసు. ఆ ఎపిసోడ్ల చివరికి యూజీ తనను తాను యంత్రంలో ఒక పళ్లచక్రంగా మాత్రమే చెప్పుకుంటాడు. అర్థం వెతకడం మానేసి, తిరుగుతూ ఉంటానంటాడు.

డీమన్ స్లేయర్ అసలు హీరో తంజిరో గురించి ఇంత చెప్పడానికి లేదు. చెల్లెలు నెజుకోను మళ్లీ మనిషిని చేయాలి. మొదటి ఎపిసోడ్‌లో అంతే, చివరిదాకా అంతే. ఇందులో విచిత్రమేమిటంటే ఈ సిరీస్‌లో ప్రేరణ లోతు అంతా దెయ్యాల దగ్గర ఉంటుంది. తల తెగాక, బూడిదయ్యే ఆ కొన్ని క్షణాల్లో వాటికి తాము మనుషులుగా ఉన్నప్పుడు ఏం కావాలనుకున్నారో గుర్తొస్తుంది. 2025 సెప్టెంబరులో తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకు కూడా వచ్చిన ఇన్ఫినిటీ క్యాసిల్ సినిమాలో అకాజా గతం అలాంటిదే. బలం తప్ప మరేదీ పట్టని ఆ రాక్షసుడు, ఒకప్పుడు తన మనుషులను కాపాడుకోవడానికే బలం కోరుకున్నాడు. వాళ్లు పోయారు, ఎందుకన్నది మరిచిపోయాడు, కోరిక మాత్రం వందేళ్లకు పైగా ఆగకుండా నడిచింది. గోకు కథను చీకటి వైపు నుంచి చెబితే ఇలాగే ఉంటుందేమో.

ఇప్పటిదాకా చూసినవన్నీ పెద్ద కోరికలు. చిన్న కోరికలున్న వాళ్లు కూడా ఈ లోకంలో ఉన్నారు, వాళ్ల మీద ఎవరూ వ్యాసాలు రాయరు. మై హీరో అకాడెమియాలో ఉరరాకా హీరో కావాలనుకుంది డబ్బు కోసం, పనులు దొరక్క ఇబ్బంది పడుతున్న అమ్మానాన్నలను సుఖపెట్టడానికి. జుజుత్సు కైసెన్‌లో నొబారా మంత్రగత్తె అయింది పల్లెటూళ్లో ఉండలేక, పైసా ఖర్చు లేకుండా టోక్యోలో ఉండొచ్చని. వన్ పంచ్ మ్యాన్ సైతామాను అడిగితే హాబీ అంటాడు. ఇవి నవ్వు పుట్టించడానికి పెట్టినవే అయినా, మనకు తెలిసిన మనుషులు ఉద్యోగాలు ఎంచుకునే కారణాలకు ఇవే దగ్గరగా ఉంటాయి.

ఆ నవ్వును తీసుకుని తత్సుకి ఫుజిమోతో చైన్‌సా మ్యాన్ మొత్తం కట్టాడు. దాని హీరో డెంజీకి తండ్రి వదిలిపోయింది మూడు కోట్ల యెన్‌లకు పైగా అప్పు. దానికోసం కిడ్నీ, ఒక కన్ను అమ్ముకున్నాడు. ఆకలితో పడుకునే ముందు అతను కనే కలలో ఉండేది బ్రెడ్డూ జామూ. కాస్త ఎక్కువ ఆశపడితే, ఒక అమ్మాయితో వీడియో గేమ్ ఆడుకుని కబుర్లు చెప్పుకోవడం. రాక్షసాలను వేటాడే ప్రభుత్వ విభాగం అధికారిణి మకీమా వచ్చి, తన దగ్గర పనిచేస్తే పొద్దున్నే ఏం పెడతారో చెబుతుంది: బ్రెడ్డు, వెన్న, జామ్, సలాడ్, కాఫీ, చివర్లో తీపి కూడా. డెంజీకి అది స్వర్గం. లోకాన్ని కాపాడే ఉద్యోగానికి ఇంత తక్కువ ధరకు ఒప్పుకున్న హీరో మరొకడు లేడు, ఆ విషయం మకీమాకు మొదటి నిమిషంలోనే అర్థమైపోయింది కూడా.

తర్వాతి కోరిక ఇంకా చిన్నది, కాస్త సిగ్గుపడాల్సింది: ఒక్కసారి ఆడపిల్ల రొమ్ము తాకాలి. తోటి ఉద్యోగి అకి కుటుంబాన్ని తుపాకీ రాక్షసం చంపేసింది, అతనిది పవిత్రమైన పగ. అతని ముందు డెంజీ కోరిక చెప్పుకోవడానికి కూడా పనికిరాదు. ఒక ఫైట్‌లో జలగ రాక్షసం కూడా దీన్నే పట్టుకుని ఎగతాళి చేస్తుంది. అప్పుడు డెంజీకి ఒళ్లు మండిపోతుంది. మీ అందరికీ గొప్ప గొప్ప కలలున్నాయి, బాగుంది, అయితే కలల పోటీ పెట్టుకుందాం, నేను నిన్ను చంపితే నీ కల నా కలకన్నా తక్కువదని ఒప్పుకోవాలి అంటాడు. దశాబ్దాలుగా కలల ఎత్తును బట్టి హీరోల ఎత్తు కొలిచిన పత్రికలోనే ఈ మాట అచ్చయింది. జామ్ బ్రెడ్డు దొరకని వాడికి ప్రపంచశాంతి గురించి ఆలోచించే తీరిక ఉండదన్నది అందులోని కోపం.

ఫుజిమోతో అక్కడితో ఆపి ఉంటే అదొక మంచి ఎత్తిపొడుపుగా మిగిలేది. అతను డెంజీ కోరికను తీర్చేస్తాడు. స్నానాల గదిలో పవర్ అనే తోటి ఉద్యోగిని ముచ్చటగా మూడుసార్లు తాకనిస్తుంది. డెంజీ ముఖం వెలవెలబోతుంది. ఇంతేనా? ఇంతకోసమా ప్రాణాలకు తెగించింది? ఇలా అనుకున్నది దొరికిన ప్రతిసారీ ఉసూరుమంటూ ఉండాలా అని వాడికి భయం పట్టుకుంటుంది. గోకుకు, నరుటోకు, ఎరెన్‌కు ఎప్పుడూ రాని ప్రశ్న ఈ కోరికల అడుగున ఉన్నవాడికి వచ్చింది. ఆ తర్వాత కథంతా మకీమా వాడికి ఒక్కొక్క సుఖం అందించి, కుటుంబం లాంటిది కూడా ఏర్పడనిచ్చి, చివరికి ఆ చేతులతోనే లాక్కోవడం. ఇంత జరిగాక కూడా వాడు పొద్దున టిఫిన్‌కు స్టేక్ తినాలని ఉందనే అంటాడు. కల కొంచెం పెరిగింది, అంతే.

హీరోల కలలు ఇలా కుంచించుకుపోవడాన్ని 1990ల తర్వాత జపాన్ ఆర్థిక వ్యవస్థ చతికిలబడటానికి ముడిపెట్టడం మామూలే. కొంత నిజం ఉండొచ్చు. కానీ నరుటో, వన్ పీస్ హీరో లూఫీ కూడా ఆ మందగమనపు ఏళ్లలోనే పుట్టారు, వాళ్ల కలలేం చిన్నవి కావు. పాత హీరోలు అరిచి చెప్పిన కలలన్నీ విని పెరిగిన పిల్లలే ఇప్పుడు రచయితలయ్యారన్నది దీనికన్నా దగ్గరి కారణం.

హిరోము అరకావా ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ వీటన్నిటికీ పక్కగా నిలబడుతుంది. ఎల్రిక్ అన్నదమ్ములకు అన్యాయం చేసిన విలన్ లేడు. చనిపోయిన తల్లిని బతికించబోయి అన్న చెయ్యీ కాలూ, తమ్ముడు మొత్తం శరీరమూ పోగొట్టుకున్నది వాళ్ల సొంత నిర్వాకం. వెనక్కి తిరిగే ఆలోచన రాకూడదని ఇల్లు తగలబెట్టి బయలుదేరతారు. దారి మధ్యలో వాళ్లు వెతుకుతున్న రాయి మనుషుల ప్రాణాలతో తయారవుతుందని తెలుస్తుంది. ఆ మాట తెలిసిన రోజు నుంచి ఆ దారి వాళ్లకు మూతపడింది. కావాల్సింది ఎదురుగా ఉన్నా చెయ్యి వెనక్కి తీసుకునే హీరోలు ఈ పోల్చిచూసిన వాళ్లలో వీళ్లిద్దరే. చివరికి ఎడ్వర్డ్ తమ్ముడి కోసం తన ఆల్కెమీనే ఇచ్చేస్తాడు. మిగతా సిరీస్‌లలో హీరో మొదటికన్నా బలవంతుడై ముగిస్తే, ఇతను మామూలు మనిషై ముగిస్తాడు. ఆ పని చేసేటప్పుడు అతని ముఖంలో కించిత్తు బాధ కూడా లేకపోవడం అరకావా గొప్పదనం. కావాలంటే దీని పక్కన హంటర్ హంటర్‌లో గోన్‌ను పెట్టి చూడొచ్చు. తండ్రిని వెతుక్కుంటూ నవ్వుతూ బయలుదేరిన ఆ పిల్లవాడు, గురువులాంటి కైట్ చావుకు బదులు తీర్చుకోవడానికి తన భవిష్యత్తు శక్తినంతా ఒక్క క్షణంలో తగలేసుకుంటాడు. ప్రాణస్నేహితుడు కిల్లువాతో, నీకు సంబంధం లేదు కాబట్టి నువ్వు నిబ్బరంగా ఉండగలుగుతున్నావని అంటాడు. గోన్ కోరికకు మొదటి నుంచీ కళ్లెం లేదు, అది ముద్దుగా కనిపించినంతకాలం ఎవరూ పట్టించుకోలేదు.

ఇక వన్ పీస్ లూఫీ. 1997 నుంచి నడుస్తున్న కథ, హీరో నోరు తెరిస్తే సముద్రపు దొంగల రాజునవుతానంటాడు. రాజంటే అతనికి ఏలడం కాదు. ఈ సముద్రం మీద అందరికన్నా స్వేచ్ఛగా ఉండేవాడే రాజని పాతకాలపు సముద్రపు దొంగ రేలీ ముందు చెబుతాడు. తనను హీరో అనడం అతనికి నచ్చదు. మత్స్యమానవుల ద్వీపంలో జింబే ఆ మాట ఎత్తితే, మాంసం ఉంటే హీరో నలుగురికీ పంచుతాడు, నాకు నేనే తినాలని ఉంటుంది అంటాడు. అలాగని ఎవర్నీ వదిలేసేవాడు కాదు. ఓడలో తనతో తిరిగే నామీ గతం మొత్తం ఆమె అక్క చెప్పబోతే, వినకుండా షికారుకు వెళ్లిపోతాడు. ఆమె ఎనిమిదేళ్లు ఎందుకు కష్టపడిందో అతనికి అక్కర్లేదు. ఆమె ఏడుస్తూ సాయం చెయ్యమన్నాక, తన టోపీ ఆమె తలమీద పెట్టి నడుస్తాడు. ఆమెతో బలవంతంగా పనిచేయించుకున్న ఆర్లాంగ్ గదిలో రక్తపు మరకలున్న ఆమె కలం చూశాక, ఆ గది ఉండకూడదని మొత్తం భవనాన్నే కూల్చేస్తాడు. ఎరెన్ నోటివెంట కూడా ఎప్పుడూ స్వేచ్ఛే వచ్చేది. అయితే ఎరెన్‌కు కావాల్సిన స్వేచ్ఛలో ఇతరులు అడ్డు. లూఫీ కోరుకునే స్వేచ్ఛలో తన పక్కన కూర్చుని తినేవాడు కూడా స్వేచ్ఛగా ఉండకపోతే అతనికి తిండి సహించదు.

పైగా రాజు కావడం లూఫీ చివరి కోరిక కానే కాదు. అది దొరికాక చేయాలనుకున్నది ఒకటి ఉంది. చిన్నప్పుడు అన్నల్లాంటి ఏస్‌కు, సాబోకు చెప్పాడు, ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు ఓడలోని తన వాళ్లకు చెప్పాడు. రెండుసార్లూ వాళ్ల ముఖాలు చూపించారు, నోళ్లు వెళ్లబెట్టారు, కొందరు పగలబడి నవ్వారు. ఆ మాట మాత్రం పాఠకుడికి వినిపించలేదు. హీరోకు ఏం కావాలో మొదటి అధ్యాయంలోనే అరిచి చెప్పాలన్న పత్రికలో, వెయ్యి అధ్యాయాలు దాటాక కూడా ఐఇచిరో ఓడా అసలు సంగతి దాచిపెట్టుకుని కూర్చున్నాడు.